వెన్నుపాములో కూర్చున్న మాట

మాట వెనుక మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కావలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని కిందటి నెల ఈ శీర్షికలో అచ్చువేసి, జవాబును ఈ నెలకు వాయిదా వేశాము. ఈలోపు ఆ ఉత్తరం మీదనే నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి మరికొన్ని ప్రశ్నలు వచ్చాయి. అన్నీ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నవి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము. మొదటి ఉత్తరాన్ని చదవని వారి కోసం దానిని మళ్లీ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి నార్వే దేశంలోని స్తవాంగర్ పట్టణంలో ఇంజనీరుగా పనిచేస్తోంది. ఒకరోజు ఆఫీసులో బల్ల కింద ఉన్న పుస్తకానికి కాలు తగిలిందట. వెంటనే వంగి, పుస్తకాన్ని తాకి, వేళ్లు కళ్లకు అద్దుకుంది. పక్కన కూర్చునే నార్వే అమ్మాయి అదేమిటని అడిగితే, "నాకు తెలియకుండానే చేసేశాను" అని మా అమ్మాయి చెప్పింది. దానికి ఆమె "డే సిట్టర్ ఇ రిగ్‌మార్గెన్" అన్నదట. వెన్నుకు సంబంధించిన మాటేదో అని మాత్రం మా అమ్మాయికి అర్థమైంది. ఆ మాటకు అసలు అర్థమేమిటి? మన తెలుగులో దానికి సరిపోయే మాట ఉన్నదా?
ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చేసిన పనికి ఆ నార్వే అమ్మాయి అన్న మాట అతికినట్టు సరిపోయింది. ఆ వాక్యానికి "అది వెన్నుపాములో కూర్చుని ఉంది" అని అర్థం. నార్వే భాషలో రిగ్ అంటే వీపు, మార్గ్ అంటే ఎముక లోపలి మూలుగ. ఈ రెండూ కలిసిన రిగ్‌మార్గ్ అంటే వెన్నుపాము. చివరనున్న "ఎన్" మనం విభక్తి ప్రత్యయాన్ని చేర్చినట్టుగా వాళ్లు మాట చివర చేర్చుకునే గుర్తు. ఫలానా వెన్నుపాము అని అది నిర్దేశిస్తుంది. మొదటి అక్షరంలోని అచ్చును తెలుగు లిపిలో సరిగా రాయలేము. పెదవులను "ఉ" అనేటప్పటి మాదిరిగా గుండ్రంగా చుట్టి, లోపల "ఇ" అని పలికితే ఆ ధ్వని వస్తుంది. మీ అమ్మాయిని ఫోనులో ఒకసారి పలికించి వినండి.

ఒక సమాజంలో పెరిగిన మనిషికి ఆలోచించే పని లేకుండా ఒంటిలోంచి వచ్చే మర్యాదలు, నియమాలు, అలవాట్లు, గుణాలు ఏవైతే ఉన్నాయో, వాటిని నార్వే వాళ్లు వెన్నుపాములో ఉన్నాయంటారు. తలలో ఉన్నాయనకుండా, గుండెలో ఉన్నాయనకుండా, వెన్నుపామునే ఎందుకు ఎంచుకున్నారనేది ఆలోచించదగిన సంగతి. దానికి కారణం శరీరశాస్త్రంలో ఉంది. పొయ్యి మీద మరుగుతున్న దబర అంచుకు పొరపాటున వేలు తగిలిందనుకోండి. ముందు చేయి వెనక్కి వస్తుంది, తరువాత మంట తెలుస్తుంది. వేలి చివర నుంచి బయలుదేరిన కబురు వెన్నుపాముకు చేరగానే, అక్కడి నుంచే చేతి కండరాలకు ఆజ్ఞ వెళ్లిపోతుంది. మెదడుకు సంగతి చేరేసరికి పని అయిపోయి ఉంటుంది. వైద్యుడు చిన్న సుత్తితో మోకాలిచిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగిరేది కూడా ఇలాగే. మన బడి పుస్తకాలలో దీనిని అసంకల్పిత ప్రతీకార చర్య అన్నారు. నార్వే వాళ్లు దీనికి పెట్టుకున్న పేరు "రిగ్‌మార్గ్స్‌రెఫ్లెక్స్". అది వైద్యుల మాటగా మిగలకుండా ఇళ్లలోకీ పత్రికలలోకీ వచ్చి, ఆలోచన కంటే ముందు జరిగిపోయే ఏ పనికైనా వాడే మాటగా స్థిరపడింది. మీ అమ్మాయి వేళ్లు కళ్ల దాకా వెళ్లిన తరువాతే ఆమె మెదడు మేలుకున్నది.

ఇందులో నాకు మరీ ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. నార్వే భాషకు మాతృక అయిన పాత నార్స్ భాషలో మూలుగను "మెర్గర్" అనేవారు. సంస్కృతంలో అదే మూలుగ "మజ్జ". ఆయుర్వేదం చెప్పే సప్తధాతువులలో ఎముక తరువాత వచ్చే ఆరవ ధాతువు ఇదే. ఈ రెండు మాటలూ, సంస్కృతానికీ చాలా యూరప్ భాషలకూ మూలమైన ఇండో యూరోపియన్ భాషలోని ఒకే మూలపదం నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. మనం మజ్జను సంస్కృతం నుంచి తెచ్చుకున్నాము గనుక, స్తవాంగర్‌లో ఆ అమ్మాయి నోట వచ్చిన మార్గ్, మన వైద్యుడి నోట వచ్చే మజ్జ దూరపు బంధువులు. మన సొంత మాట మాత్రం మూలుగ. దానికి దగ్గరి చుట్టమైన "మూళై" తమిళంలో మెదడు అనే అర్థంలో వాడుకలో ఉంది. నెల్లూరు నుంచి మద్రాసుకు వెళ్లివచ్చేవారికి ఆ మాట కొత్త కాదు. ఇక వెన్నుపాము అన్న మన మాట పూర్తిగా వేరే ఊహ. వాళ్లకు వెన్నులో మూలుగ కనిపించింది, మనకు పాము కనిపించింది.

తెలుగులో సమానమైన మాట ఉందా అన్నారు. ఉంది, ఒకటి కాదు. "నరనరాన జీర్ణించుకుపోయింది" అంటాము, "రక్తంలోనే ఉంది" అంటాము. మొదటిది ఈమధ్య కోపంగా అనవలసిన సంగతులకే ఎక్కువగా వాడుతున్నారు: అవినీతి, స్వార్థం వంటి వాటికి. రెండవది వంశాన్ని గుర్తుచేస్తుంది; పుస్తకాన్ని కళ్లకు అద్దుకోవడం వంశంతో వచ్చేది కాదు. నన్నడిగితే వీటన్నిటికంటే "ఒంటబట్టింది" అన్న మాట ఉత్తమం. తిన్న తిండి ఒంటబడుతుంది, చదువు ఒంటబడుతుంది, మర్యాద ఒంటబడుతుంది. ఎదిగే పిల్లవాడు ఎంత తిన్నా సన్నగానే ఉంటే, "తిన్నది ఒంటబట్టడం లేదు" అని జేజి దిగులుపడుతుంది. ఆ పిల్లవాడే పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, "చెప్పింది ఒంటబట్టలేదు" అని అదే జేజి కోప్పడుతుంది. బయటి నుంచి వచ్చినది శరీరంలో భాగమైపోవడం ఆ మాటలో ఉంది. కాబట్టి మీ అమ్మాయి ఆ స్నేహితురాలికి చెప్పవలసిన తెలుగు మాట: "అది మాకు ఒంటబట్టింది."

ఇటువంటివి మనలో ఇంకా ఎన్ని ఉన్నాయో మీరే గమనించండి. గుమ్మం దాటుతూ "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటాము. డబ్బు ఎడమచేత్తో ఇవ్వవలసి వస్తే, కుడిచేతిలో సంచి ఉన్నా సరే, సంచి చేయి మార్చుకుని మరీ ఇస్తాము. ఒంగోలు బస్టాండులో కండక్టరుకు చిల్లర ఇస్తున్న మనుషులను పది నిమిషాలు చూడండి, ఎన్ని సంచులు చేతులు మారుతాయో.

ప్రశ్న: దీనిని ఇంత విచారించవలసిన పని లేదనుకుంటాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్న మన సామెత ఉండనే ఉంది కదా. నార్వే మాట కూడా అదే చెబుతోంది కదా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, పొదిలి

జవాబు: అయ్యా, మీ అనుభవం పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. సామెత చెప్పేది పుట్టుక గురించి, నార్వే వాళ్లు చెప్పేది అభ్యాసం గురించి. పుడకలు అంటే చితిపుల్లలు. పుట్టినప్పుడు వచ్చింది చితితోనే పోతుందనడంలో మధ్యనున్న బతుకంతా దేనికీ కొరగాదన్న తీర్పు ఉంది. వెన్నుపాములో కూర్చున్నదంటే మాత్రం, ఎవరో కూర్చోబెట్టారని అర్థం. మద్దెల నేర్చుకునే పిల్లవాడికి మొదటి ఏడాది ప్రతి దెబ్బా తలతో లెక్కపెట్టుకుంటేనే పడుతుంది. పదేళ్ల తరువాత లెక్క చేతిలోకి దిగిపోతుంది. ఆ దిగిపోవడాన్నే వాళ్లు వెన్నుపాము అన్నారు.

అయితే పుట్టుక మీదికి నెట్టే మాట వాళ్లకూ లేకపోలేదు. "నార్వే వాళ్లు కాళ్లకు స్కీలతోనే పుడతారు" అని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. స్కీలంటే మంచు మీద జారుతూ నడవడానికి పాదాలకు బిగించుకునే పొడవాటి పలకలు. ఏ బిడ్డా వాటితో పుట్టదు. నడక వచ్చిన ఒకటి రెండేళ్లకే తల్లో తండ్రో చిన్న స్కీలు కట్టి, పెరటి మంచులో నిలబెట్టి, పడితే లేపి, మళ్లీ నిలబెడతారు. ఆ పడడం, లేవడం బిడ్డకు గుర్తుండవు గనుక, పెద్దయ్యాక పుట్టుకతో వచ్చినట్టే అనిపిస్తుంది. మన కొత్తపట్నం, మైపాడు తీరాలలో వేటకు వెళ్లే ఇళ్లలోని పిల్లలకు ఈత సంగతీ ఇంతే.

వాళ్ల మరో మాట దీనిని ఇంకా చక్కగా చెబుతుంది. చిన్నప్పటి నుంచి వచ్చిన దేనినైనా "తల్లిపాలతో లోపలికి తీసుకున్నది" అంటారు. ఇది చదివినప్పుడు నాకు మన "ఉగ్గుపాలతో నేర్చినది" గుర్తుకు వచ్చి ఒళ్లు పులకరించింది. ఉగ్గుగిన్నెను ఈ తరం వాళ్లు చాలామంది చూసి ఉండరు. అరచేతిలో ఇమిడే చిన్న గిన్నె, ఒకవైపు పక్షిముక్కులా సాగిన మూతి. అందులో తల్లిపాలు పిండి, ఆముదమో, అరగదీసిన వసకొమ్మో కలిపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆ ముక్కును పెదవి అంచున ఆనించి బొట్టు బొట్టుగా పోసేవారు. మా ఇంట్లోని ఇత్తడి ఉగ్గుగిన్నె మూతి దగ్గర రంగు పోయి తెల్లబడి ఉంటుంది. ఎన్ని బుగ్గలకు ఆనితే అంత అరిగిందో! (ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టవద్దని నేటి వైద్యులు చెబుతున్నారు, అది పాటించవలసిన మాట. ఇక్కడ నేను చెబుతున్నది గిన్నె గురించి, మందు గురించి కాదు.) ఉగ్గుపాలతో వచ్చిందన్నప్పుడు ఆ పోసిన చేయి మనకు కనిపిస్తూనే ఉంటుంది. పుట్టుకతో వచ్చిందనగానే ఆ చేయి మాయమైపోతుంది. మర్యాదల విషయంలో, నియమాల విషయంలో మొదటి మాటనే వాడాలని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: "వెన్నతో పెట్టిన విద్య" అన్నది సరైనదా, "వెన్నుతో పెట్టిన విద్య" అన్నది సరైనదా? నార్వే మాట చూశాక నాకు అనుమానం వచ్చింది.
డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: వెన్నతోనే. ముద్దలో వెన్న కలిపి పెట్టే వయసు నుంచి నేర్పిన విద్య అని దాని భావం. అది కూడా ఉగ్గుపాల కుటుంబంలోని మాటే. వెన్నుకు దానితో సంబంధం లేదు. అయినా మీ అనుమానం అందంగా ఉందని చెప్పక తప్పదు.

ప్రశ్న: స్కాండినేవియా దేశాలలో "యాంటే చట్టం" అని ఒకటి ఉందనీ, దాని ప్రకారం ఎవరూ గొప్పలు చెప్పుకోకూడదనీ విన్నాను. అది నిజంగా చట్టమేనా? వెన్నుపాములో కూర్చునేది అదేనా?
ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: అది శాసనసభ చేసిన చట్టం కాదు. డెన్మార్క్‌లో పుట్టి నార్వేలో స్థిరపడిన ఆక్సెల్ సాండెమోసె అనే రచయిత 1933లో వెలువరించిన ఒక నవలలో యాంటే అనే కల్పిత పట్టణం ఉంటుంది. ఆ పట్టణాన్ని తాను పుట్టిపెరిగిన డెన్మార్క్ ఊరిని మనసులో పెట్టుకునే ఆయన సృష్టించాడు. అక్కడి జనం నోటితో చెప్పకుండానే ఒకరి మీద ఒకరు రుద్దుకునే పది ఆజ్ఞలను ఆయన వరుసగా రాశాడు. నువ్వేదో ప్రత్యేకమైన మనిషివని అనుకోవద్దన్నది వాటిలో మొదటిది. మిగతావి కూడా దానికే రకరకాల రూపాలు. ఆయన దానిని మెచ్చుకుంటూ రాయలేదు, ఊపిరాడక రాశాడు. కానీ ఆ పేరు జనం నోట పడి, తమ స్వభావాన్ని తామే వర్ణించుకునే మాటగా మారింది. నార్వేలో కొందరు దానిని వినయమని సమర్థిస్తారు, కొందరు ఎదిగే మనిషిని కిందికి లాగే గుణమని ఈసడిస్తారు.

మన వైపు "ఎచ్చులకు పోవద్దు" అని పిల్లలను మందలిస్తాము. "ఎదిగినకొద్దీ ఒదిగి ఉండాలి" అనీ అంటాము. ఇవి యాంటే ఆజ్ఞకు దగ్గరగా కనిపించినా, ఒక తేడా ఉంది: మన మాట ఎదగమంటుంది, ఎదిగి ఒదగమంటుంది. యాంటే ఆజ్ఞ అసలు ఎదగడాన్నే అనుమానిస్తుంది. మీరు అడిగినట్టు వెన్నుపాములో కూర్చునే వాటిలో ఇదొకటి. అదే మొత్తం కాదు.

నార్వే వాళ్ల వెన్నులో కూర్చున్న వాటిలో నాకు బాగా నచ్చినది వేరే ఉంది. కొండలలో, మంచులో నడిచేవారి కోసం వాళ్లకు తొమ్మిది జాగ్రత్త సూత్రాలు ఉన్నాయి. 1967 ఈస్టర్ సెలవులలో కొండలలో చాలామంది ప్రాణాలు కోల్పోయిన తరువాత వాటిని దేశమంతటా ప్రచారం చేశారు. 2016లో మళ్లీ సవరించారు. ఎనిమిదవ సూత్రం: "సకాలంలో వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గేమీ లేదు." దానిలోని రెండవ సగం కొండలను దాటి వచ్చి, చదువు మానుకున్నవారికీ, వ్యాపారం మూసుకున్నవారికీ ధైర్యం చెప్పేటప్పుడు కూడా పనికొచ్చే మాటగా మారింది. ఆకాశం నల్లబడగానే వల సగంలో చుట్టి పడవను ఒడ్డుకు మళ్లించే మన తీరప్రాంతం వాళ్లకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నార్వేలో ఊరంతా కలిసి పని చేసే పద్ధతి ఒకటి ఉందని ఎక్కడో చదివాను. మన పల్లెల్లో కూడా పూర్వం చెరువు కాలువలు అందరూ కలిసి తీసేవారని మా తాత చెప్పేవాడు. వెన్నులో కూర్చున్నదైతే మన దగ్గర ఎందుకు పోయింది?
రైతు, ఆత్మకూరు

జవాబు: మీరు చదివిన పద్ధతి పేరు దుగ్‌నాద్. సహాయం, అండ అనే అర్థమున్న పాత నార్స్ మాట నుంచి వచ్చింది. వసంతకాలంలో మంచు కరిగాక, ఒక భవన సముదాయంలో ఉండేవారంతా ఒక సాయంత్రం చీపుర్లు, పారలు పట్టుకుని కిందికి దిగి, ఆవరణ ఊడ్చి, బల్లలకు రంగులు వేసి, చివర కాఫీ తాగి, వాఫుల్స్ తింటారు. కూలి ఉండదు, రాకపోతే ఇరుగుపొరుగు చూపు మాత్రం గట్టిగానే ఉంటుంది. 2004లో టెలివిజన్ ద్వారా జరిగిన ఎంపికలో ఆ దేశపు జాతీయ పదంగా ప్రజలు ఎన్నుకున్నది ఈ మాటనే. 2020 మార్చిలో కరోనా కట్టడి మొదలైనప్పుడు నార్వే ప్రభుత్వం ప్రజలను ఇళ్లలో ఉండమని కోరుతూ ఎక్కువగా వాడినదీ ఈ మాటే. ఆజ్ఞాపించడం కంటే దుగ్‌నాద్ అని పిలవడం వల్ల పని ఎక్కువ జరుగుతుందని వాళ్లకు తెలుసు.

మీ తాతగారు చెప్పినదానికి కుడిమరామత్తు అని పేరు. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులలో, చెరువు కట్ట గండ్లు పూడ్చడం, కాలువలలో పూడిక తీయడం వంటి చిన్న పనులు ఆయకట్టు రైతులే మనిషికింత చొప్పున చేయాలన్నది ఆచారం. ఆ ఆచారం సడలుతున్నదని కంపెనీ ప్రభుత్వం 1858లో ఒక చట్టం చేసి, పనికి రానివారి నుంచి ఖర్చు వసూలు చేసే వీలు కల్పించింది. ఒంటబట్టిన పనికి చట్టం రాయవలసి వచ్చిందంటేనే అది ఒంటిని వదులుతున్నదని అర్థం. చెరువు మీద పెత్తనం ఊరిది కాకుండా ప్రభుత్వానిది అయిన కొద్దీ, పూడిక కూడా ప్రభుత్వమే తీయాలన్న భావం పెరిగింది. ఎవరిని తప్పుపట్టాలన్నది వేరే చర్చ. మీ ప్రశ్నకు నా జవాబు మాత్రం ఇది: వెన్నుపాములో కూర్చున్నది చేస్తున్నంతకాలమే అక్కడ ఉంటుంది. ఒక తరం పార పట్టకపోతే, మరుసటి తరానికి ఆ పార బరువు తెలియదు.

ప్రశ్న: మంచి అలవాట్ల గురించే అందరూ అడుగుతున్నారు. మా ఊరిలో మగవాళ్ల తాగుడు, ఆడవాళ్ల మీద చేయి చేసుకోవడం, కులం పేరుతో వేరు గ్లాసు పెట్టడం, ఇవన్నీ కూడా తరతరాలుగా ఒంటబట్టినవే అంటారు. "అది వాళ్ల రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం" అని సర్దుకోమంటారు. వెన్నుపాములో కూర్చున్నది బయటికి రావడం సాధ్యమేనా?
ఒక గృహిణి, కలిగిరి

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలో నేను ఎక్కువసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నది మీ ఉత్తరమే. పొదిలి మాస్టారి సామెతతో నాకున్న తగాదా అసలు ఇందుకే. పుట్టుకతో వచ్చిందనే మాట మంచి అలవాట్ల విషయంలో ఎవరికీ హాని చేయదు. చెడు అలవాట్ల విషయంలో అది దెబ్బ తినేవారికి శిక్షగానూ, కొట్టేవారికి సాకుగానూ మారుతుంది. రెండు గ్లాసుల పద్ధతి పాటించే టీకొట్టు యజమాని ఎవరి ముందు ఏ గ్లాసు పెట్టాలో ఆలోచించడు, చేయి తనంతట తానే వెళుతుంది. అది కూడా రిగ్‌మార్గ్స్‌రెఫ్లెక్సే. అయితే ఆ చేతికి ఆ దారి చూపించినవాళ్లు మనుషులే. నేర్పిన దానిని మాన్పించవచ్చు.

జవాబు మీ ప్రాంతంలోనే ఉంది. మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట పేరు మీకు నేను చెప్పనక్కరలేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెల్లో రాత్రిబడులు నడిచాయి. పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు, లాంతరు వెలుగులో పలక పట్టుకుని, కూలి డబ్బు సారా అంగడికి పోతున్న సంగతిని పాఠంగా చదివారు, చదివి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊరిలోకి సారా రానివ్వలేదు. వాళ్లను ముందుండి నడిపించిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఊరి నుంచి ఊరికి పాకి, సారా వేలంపాటలను అడ్డుకునే దాకా ఆ ఉద్యమం వెళ్లింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ సడలింపు గురించి బాధపడేవారిలో నేనూ ఒకడిని. అయినా మగవాడు తాగడమూ, ఆడది ఓర్చుకోవడమూ పుట్టుకతో వచ్చిన ధర్మమన్న మాటను ఆ ఆడవాళ్లు ఆ రాత్రుల్లో చెరిపేశారు. నిజానికి వాళ్లు రెండు వెన్నులను మార్చవలసి వచ్చింది: మగవాళ్ల తాగుడు ఒకటి, తమ ఓర్పు మరొకటి. రెండవదే కష్టమని నా అభిప్రాయం.

నార్వే నుంచి కూడా ఒక సంగతి చెబుతాను, అది కూడా 1993దే. బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులిద్దరూ పంచుకోదగిన సెలవు అప్పటికే అక్కడ ఉంది, కానీ తీసుకునే తండ్రులు బహు తక్కువ. పసిబిడ్డ పని తల్లిదేనన్నది అక్కడి వాళ్లకూ వెన్నులో కూర్చున్న విషయమే. ఆ ఏడాది ప్రభుత్వం సెలవులో నాలుగు వారాలను తండ్రికే కేటాయించి, అతను తీసుకోకపోతే అవి పోతాయని నియమం పెట్టింది. అప్పటి నుంచి తండ్రులు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ వాటా పదిహేను వారాలు. పనివేళలో బిడ్డను బండిలో తోసుకుంటూ వెళ్లే తండ్రి ఓస్లో వీధులలో ఇవాళ ఎవరూ తల తిప్పి చూడని దృశ్యం. అంతకు ముందే, 1987లో, తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని ఆ దేశం చట్టంతో నిషేధించింది. పిల్లవాడిని కొట్టకుండా పెంచలేమన్న నమ్మకం కూడా ఒకప్పుడు వాళ్ల వెన్నులో ఉన్నదే.

చట్టం ఒక్కటే చాలుతుందని నేను అనను. కుడిమరామత్తును చట్టం నిలబెట్టలేకపోయింది. దూబగుంటలో ముందు ఆడవాళ్లు కదిలారు, చట్టం తరువాత వచ్చింది; నార్వేలో తండ్రుల విషయంలో ముందు చట్టం వచ్చింది, చేతులు తరువాత అలవాటుపడ్డాయి. మీ ఊరి టీకొట్టులో ఏది ముందు రావాలో నాకంటే మీకే బాగా తెలుసు. ఎవరైనా "రక్తంలోనే ఉంది" అంటే మాత్రం, ఉగ్గుగిన్నె ఎవరి చేతిలో ఉండేదో అడగండి.

ప్రశ్న (కావలి పాఠకురాలి రెండవ ఉత్తరం నుంచి): మా మనవరాలికి మూడేళ్లు. స్తవాంగర్‌లోనే పెరుగుతోంది. పుస్తకాన్ని కళ్లకు అద్దుకోవడం ఆమెకు నేర్పమని మా అమ్మాయికి చెప్పనా, ఆ దేశపు అలవాట్లతో పెరగనివ్వమని ఊరుకోనా?

జవాబు: చెప్పడం వలన రాదమ్మా. మీ అమ్మాయికి కూడా ఎవరూ చెప్పి ఉండరు; మీరు అద్దుకుంటుంటే చూసి ఉంటుంది. ఈసారి వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చదివించండి. ఎప్పుడో ఒకసారి చిన్న కాలు తగులుతుంది, మీ చేయి దానంతట అది కదులుతుంది. పాప చూస్తుంది. ఆమె తన దేశం నుంచి తెచ్చిన అలవాట్లను మీరూ చూడండి. గుమ్మం బయట చెప్పులు విడిచే పని ఆమెకు మీరు నేర్పనక్కరలేదు; నార్వే ఇళ్లలో కూడా చెప్పులతో లోపలికి రారు.